రాణిగారి మొర, మామ్మ కన్ను

మా ఇంట్లో "నాథా" అన్న మాట వినిపిస్తే దానికి ఒక్కటే అర్థం, ఎవరో ప్రభువుకి ప్రార్థన చేస్తున్నారని. మొగుణ్ణి నాథా అని పిలిచిన ఆడవాళ్ళు మా వంశంలో లేరు. మా అమ్మ నాన్నగారిని "ఏమండీ" అంటుంది, కోపం వస్తే "మాస్టారూ" అంటుంది. ఈ చిన్న సంగతి నాకు ముందే తట్టి ఉంటే ఆ వేసవిలో అంత ఇరకాటంలో పడేదాన్ని కాదు.

ఇంటర్ మొదటి ఏడు పరీక్షలయ్యాక మా తెలుగు మేడం ఒక మాట అనేసి వెళ్ళిపోయారు. "మీలో ఒక్కళ్ళకీ రెండు వరసలు తడబడకుండా చదవడం రాదర్రా. సెలవుల్లో ఏదో ఒకటి పైకి చదవండి." మాకు రోషం వచ్చింది. ఐదుగురం కలిసి ఫోన్లో గ్రూపు పెట్టుకుని, రోజూ సాయంత్రం ఆరు గంటలకి కాల్‌లో పాత నాటకాలు చదవాలనుకున్నాం. పుస్తకాలు మా క్లాసు అబ్బాయి ఒకడు ఇచ్చాడు. వాళ్ళది వేదపండితుల ఇల్లు. వాళ్ళ తాతగారి బీరువా నిండా ముత్తాతల కాలం నాటి నాటకాలున్నాయి. పేజీలు ఫోటోలు తీసి పెట్టేవాడు. సగం ఫోటోల్లో వాళ్ళ పిల్లి తోక కూడా పడేది.

రాజు వేషం అతనిదే. పుస్తకాలిచ్చినవాడిని భటుణ్ణి ఎలా చేస్తాం? గొంతు బాగానే ఉండేది గాని, బ్రాకెట్లలో ఉన్నది కూడా చదివేసేవాడు. "కన్నీరు తుడుచుకొనుచు, ఓ మంత్రివర్యా" అని గంభీరంగా మొదలుపెట్టేవాడు. కాల్ పెట్టేసేటప్పుడు కూడా "నిష్క్రమించును" అని చెప్పి మరీ వెళ్ళేవాడు. మంత్రి వేషం బండారులంక స్నేహితురాలిది. వాళ్ళది నేత ఇల్లు, తను మైకు తెరిచిందంటే వెనక మగ్గం చప్పుడు వినిపించేది. యుద్ధం సీన్లకి అది బాగా పనికొచ్చింది. రాణిని నేను. చిన్నప్పటి నుంచి చర్చిలో బైబిలు వాక్యం చదివీ చదివీ ఏగితివి, గైకొంటివి లాంటి మాటలు నాకు మంచినీళ్ళు తాగినంత తేలిక. వేదపండితుల మనవడు తడబడిన చోట నేను గడగడా చదివేస్తుంటే నాకు కొంచెం పొగరుగానే ఉండేది.

రాణికి మూడో అంకంలో పెద్ద ఏడుపు ఉంది. రాజు వేటకి వెళ్ళి తప్పిపోతాడు. రాణి రెండు పేజీల పొడవునా "నాథా, ఎందేగితివి" అని శోకాలు పెడుతుంది. వరండాలో నాన్నగారు ఉండగా పదహారేళ్ళ ఆడపిల్ల ఫోన్లో ఎవరినో నాథా అంటే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే తలుపు వేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చదివేదాన్ని. అంటే నా ఏడుపు ఒక్కటే, అదీ ముక్కలు ముక్కలుగా, బయటికి వినిపించేది. రాజూ మంత్రీ మగ్గమూ నాకు తప్ప ఎవరికీ వినపడేవి కావు.

తలుపు బయట మంచం మీద మా మామ్మ ఉండేది, నాన్నగారి అమ్మ. వయసులో ఉన్నప్పుడు ఊడ్పులకీ కోతలకీ వెళ్ళిన మనిషి. పెళ్ళయ్యాక చర్చిలో అక్షరాలు నేర్చుకుని రోజూ వాక్యం చదువుకునేది. రెండేళ్ళుగా కళ్ళలో శుక్లాలు ముదిరి ఆ చదువు పోయింది. ఆపరేషన్ మాట ఎత్తితే "కన్ను కోసేత్తారు, నేను రాను" అనేది. ఇంకా ఆలస్యం చేస్తే చూపు రావడం కష్టమని డాక్టరు చెప్పినా, నాన్నగారు బతిమాలినా కదల్లేదు.

ఒకరోజు అన్నాల దగ్గర ఆవిడే ఎత్తింది ఆ మాట. "ఒరే, ఆ కళ్ళ డాక్టరు దగ్గిరికి ఎప్పుడు తీసికెళ్తావో చెప్పు. చేయించేసుకుంటాను."

నాన్నగారి చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఇంత ధైర్యం ఎలా వచ్చిందమ్మా?"

"పాప నా గురించి ప్రార్థన చేత్తంది కదరా. రోజూ తలుపేసుకుని గంటసేపు కన్నీళ్ళతో మొరపెడతంది. నేను గుమ్మం దగ్గిర కూచుని ఆమేనంటన్నాను. ఇంకెందుకు భయం?"

నాకు పొలమారింది. అమ్మ నా నెత్తి మీద తట్టింది, మునుపెన్నడూ లేనంత ప్రేమగా. నాకు ఇంకా కంగారు పుట్టింది.

ఆ సాయంత్రం గ్రూపులో చెప్పాను. "నిజం చెప్పేయడం మంచిది" అన్నాడు రాజు. బండారులంక పిల్ల అతని మీద విరుచుకుపడింది. "చెప్తే ఆవిడ మళ్ళీ మంచం దిగరు. చూపు పోతే నువ్వు తెచ్చిస్తావా? ఆపరేషన్ అయ్యేక తీరిగ్గా చెప్పుకోవచ్చు."

చిక్కేమిటంటే, మా నాటకం అప్పటికే అయిపోవచ్చింది. ఇక మిగిలిన ఐదో అంకంలో రాజు తిరిగి వచ్చేస్తాడు, రాణి పకపకా నవ్వుతుంది. ఆ నవ్వు వింటే మా మామ్మకి ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని ఆపరేషన్ రోజు దాకా మూడో అంకమే చదవాలని తీర్మానించాం. పాపం, రాజుగారు తొమ్మిది రోజులు వరసగా తప్పిపోయాడు. "ఇవాళ కూడా అడవికేనా?" అని విసుక్కునేవాడు గాని, ఆరింటికి ఠంచనుగా వచ్చి తప్పిపోయేవాడు. తలుపవతల మంచం కిర్రుమనేది. మామ్మ లేచి గుమ్మం దగ్గరికి వస్తోందన్న మాట. అప్పుడు నా గొంతు నిజంగానే వణికేది. అది నటన కాదు, భయం.

ఆపరేషన్ ముందురోజు సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టారు. పాటలయ్యాక పాస్టరుగారు నా వైపు తిరిగారు. "మీ మామ్మగారు అంతా చెప్పేరమ్మా. ఇవాళ నువ్వే ప్రార్థన చెయ్యాలి. చేస్తావు కదా?"

కాదనే ధైర్యం లేక "ఆయ్" అన్నాను.

నలుగురిలో నేనెప్పుడూ ప్రార్థన చెయ్యలేదు. వాక్యం చదవడం వేరు, అది కాగితం మీద ఉంటుంది. లేచి నిలబడి కళ్ళు మూసుకున్నాను. బుర్రలో ఏమీ లేదు. తొమ్మిది రోజుల అలవాటు కొద్దీ నోరు తనంతట తనే తెరుచుకుంది.

"నాథా! ఈ దీనురాలి మొర ఆలకింపవా? దిక్కులేనిదాననై నీ పాదములనే నమ్మియుంటిని."

"స్తోత్రం" అన్నారు అందరూ. ఎవరో ముక్కు చీదుకున్నారు. అక్కడ ఆమేన్ అని కూర్చుంటే సరిపోయేది. ఆ మెచ్చుకోలుకి నాకు ఊపొచ్చేసింది.

"వేటకేగిన నీవు మూడు దినములైనను మరలి రాకుంటివేమి? నీ గుర్రము మాత్రము ఒంటరిగా కోటకు వచ్చినది!"

"స్తోత్రం" అన్నారు వెనక కూర్చున్న పెద్దాయనొక్కరే, అలవాటు మీద. కళ్ళు తెరిచి చూస్తే నాన్నగారు నన్నే చూస్తున్నారు. పాస్టరుగారు గొంతు సవరించుకుని "ఆమేన్" అనేసి, మళ్ళీ మొదటి నుంచి తనే ప్రార్థన చేసి, టీ తాగి వెళ్ళిపోయారు.

అందరూ వెళ్ళాక మామ్మ మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. "మామ్మా, అది ప్రార్థన కాదు. నాటకం. మొదటి నుంచీ నాటకమే."

"ఆ గుర్రం దగ్గిర అనుమానం వచ్చిందిలే" అంది.

నవ్వుతోందేమోనని చూశాను. నవ్వడం లేదు. మసకబారిన ఆ కళ్ళు గోడ వైపు ఉన్నాయి. మెల్లగా అంది. "అయితే నా సంగతి ఆయనకి పాప చెప్పనేలేదన్న మాట."

నేను ఏడ్చేశాను. ఆ ఏడుపు ఏ అంకంలోదీ కాదు. "రేపు రావా మామ్మా?" అని అడిగాను.

మామ్మ నా జుట్టులో చెయ్యి పెట్టింది. "వత్తాను. కారు మాటాడేసేడు కదా మీ నాన్న. కానీ నువ్వు బయట కూచుని ఆయనకి చెప్పాలి. ఆ రాణిగారి మాటలొద్దు. నీ మాటలు చెప్పు."

మర్నాడు పొద్దున్న అమలాపురం ఆసుపత్రిలో మామ్మని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసేశారు. నేను బయట కుర్చీలో కూర్చున్నాను. ప్రార్థనలో దేవుణ్ణి "నీవు" అంటారు మా వాళ్ళు. నాకు గ్రాంథికం ఒక్క ముక్క కూడా రాలేదు. మా ఊళ్ళో పెద్దవాళ్ళని సాయం అడిగినట్టే వచ్చింది. "మా మామ్మండీ. లోపలున్నారండీ. బాగా భయస్తురాలండీ, పైకి కనపడనివ్వరు. కాస్త చెయ్యి పట్టుకోండి." ఇంతకు మించి ఏమీ తోచలేదు. అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాను.

కంటికి కట్టుతో బయటికి తీసుకొచ్చారు. మామ్మ తడుముకుంటూ నా భుజం పట్టుకుంది.

"చెప్పేవా?"

"చెప్పేను."

"ఏవని?"

అన్నది అన్నట్టు అప్పజెప్పాను.

"ఆయన్ని అండీ అన్నావా?" అని కడుపుబ్బ నవ్వబోయి, తల కదపకూడదని గుర్తొచ్చి ఆపుకుంది. తర్వాత తన చెయ్యి తనే ఒకసారి తడిమి చూసుకుంది.

"అదన్నమాట" అంది చివరికి. "లోపల ఆ నర్సమ్మ, అయ్యేదాకా నా చెయ్యి ఒదల్లేదు."