ధనియాల పొట్లంలో చివరి పుటలు

మొన్న కొరియర్‌లో వచ్చిన నవలను విప్పగానే మా అమ్మాయి దాన్ని ముక్కుకు ఆనించుకుని, "ఆహా, కొత్త పుస్తకం వాసన!" అంది. ఆ వాసనలో నాకేమీ దొరకదు. పుస్తకమంటే నాకు ధనియాల వాసన, ఎండుమిరపకాయల ఘాటు, వేళ్ళకంటిన పసుపు, ఆపైన రెండు తుమ్ములు. పుదుచ్చేరి పెద్ద మార్కెట్టు వెనక మా తాత నడిపిన కిరాణా కొట్లోకి నేను చదివిన నవలలన్నీ పాత కాగితాల మూటలో తూకానికి వచ్చినవే.

సముద్రం ఒడ్డు వీధుల్లో దిగిన తెల్లవాళ్ళు చదివి గదుల్లో వదిలేసిన పుస్తకాలు, నానా చేతులూ మారి, పాత పేపర్లతో కలిసి మా కొట్టు గడప ఎక్కేవి. అట్ట మీద జుట్టు ఎగరేసుకుంటూ ఒక పిల్ల, పక్కన కత్తి పట్టిన పిల్లవాడు, వెనక ఓడో తోడేలో ఉంటే చాలు, అన్నం సంగతి మరిచిపోయేదాన్ని. మే నెల మధ్యాహ్నం వేళ, సముద్రపు గాలి ఇంకా తిరగకముందు, వెనకగదిలో చింతపండు బస్తా మీద చెమటలు కక్కుతూ కూర్చుని మంచు అడవుల్లో తిరిగేదాన్ని. ఆ కథల్లో పిల్లలు అదృష్టవంతులు, అమ్మానాన్నలు మొదటి అధ్యాయంలోనే పోతారు. మా ఇంట్లో అయితే వీధి మలుపు దాటాలన్నా ముగ్గురికి చెప్పుకోవాలి.

చిక్కల్లా మా తాత పొట్లాలకని పుస్తకం చించే పద్ధతితో వచ్చింది. మా కొట్లో ఏ కాగితం మీద ఏం రాయాలన్నా ముందు నెత్తిన పిళ్ళయారు సుళి, అంటే వినాయకుడి పేర ఒక చిన్న చుట్టు, చుట్టాల్సిందే. కాబట్టి లోకంలో ఏ పుస్తకానికైనా మొదటి పుటలో దేవుడు ఉంటాడని, ఇంగ్లీషు ముక్క రాని మా తాత నమ్మకం. పుస్తకాన్ని కళ్ళకద్దుకుని, బోర్లా తిప్పి, చివరి నుంచి చించేవాడు.

"మొదట్లో పిళ్ళయారు ఉంటాడు పాపా. ఆడ చెయ్యి పెట్టకూడదు."

ఇంగ్లీషు నవలలోకి పిళ్ళయారు ఎట్లా వచ్చాడని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. పుణ్యం ఆయనది, పాపం నాది. నేను చదివిన ప్రేమలన్నీ పుట్టేవేగాని ఒక్కటీ పెళ్ళిదాకా వచ్చేది కాదు, ఓడలన్నీ బయలుదేరేవేగాని ఏ రేవుకూ చేరేవి కావు.

ఆ తోకలేని కథలు వినడానికి మా సరసత్త ఒక్కతే ఉండేది. నాన్నకు చెల్లెలు. అవ్వ చనిపోయిన ఏడాది బడి మానేసింది. తాత ఉబ్బసానికి వేళకు శొంఠి కాఫీ, ఆయాసం వచ్చినప్పుడు వీపు నిమరడం, మిగిలిన పొద్దంతా చించిన పుటల్ని చుట్టి పొట్లాలు చేయడం ఆమె పని. పొట్లాన్ని మా ఇంట్లో సగం అరవం కలిపి పొట్టలం అనేవాళ్ళం. అత్త పొట్టలాలు చుడుతుంటే నేను ఇంగ్లీషు కథను మా ఇంటి తెలుగులోకి దించేదాన్ని. మంచుకొండకు మాట దొరక్క ఐసు ఫ్యాక్టరీ అనేదాన్ని. పుటలు అయిపోయిన చోట ముగింపు నేనే కట్టి అందరికీ పెళ్ళిళ్ళు చేసేదాన్ని. అత్త తృప్తిగా నవ్వి ఇంకో పుట అందుకునేది.

ఒక నవలలో ఒక పిల్ల పరాయి రేవు పడవవాడిని ప్రేమిస్తుంది. ఫలానా పొద్దున పడవ తెస్తాను, ఇష్టముంటే ఎక్కు, లేకుంటే లేదు అంటాడతను. అక్కడితో సరి. తక్కిన పుటలు ఆ వారం వైతికుప్పం చేపల పడవలకు సరుకు కొనే సెల్వం సంచిలో ధనియాలతో వెళ్ళిపోయాయి. మరుసటి వారం అతను రాగానే, ఆ కాగితాలు ఉన్నాయా అన్నా అని అరవంలో ప్రాధేయపడ్డాను. దొరికింది ఒక్కటే, దాన్ని చొక్కా జేబులో మడిచి తెచ్చాడు. ఒడ్డున పిల్ల, దూరంగా పడవ దీపం, అంతే ఉంది అందులో. చేపల కంపు కొడుతోంది. కాగితం నాకిస్తూ అతను అత్తవైపు చూశాడు. చేప వాసనకే వాంతి చేసుకునే మా అత్త ముక్కు మూసుకోలేదు.

ప్రేమంటే గాలికెగిరే జుట్టు అనుకునేదాన్ని. కొట్టు చూరు కింద ఇద్దరు మాటల్లేకుండా నిలబడడం కూడా అదేనని ఆ రోజు తెలిసింది. తెలిసి భయం వేసింది.

"ఆ పిల్ల పడవెక్కిందా పాపా?" అంది అత్త ఆ సాయంత్రం.

"తెలీదత్తా. ఆ పుటలు లేవు."

"ఎప్పుడూ నువ్వే గదా చెప్తావు. చెప్పు." గొంతు తగ్గించింది. "వీరాంపట్టినం తేరు దినం మీరంతా పోతారు గదా. ఆ దినం నన్ను వచ్చేయమన్నాడు."

ఎన్నో పెళ్ళిళ్ళు చేసిన నేను ఆ కాగితాన్ని మడిచి చింతపండు బస్తా కింద దూర్చాను.

ఆడి నెల, అంటే ఆషాఢం, శుక్రవారం ఇంటిల్లిపాదీ అమ్మవారి తేరుకు కదిలాం. తాతకు ఆయాసమని అత్త ఉండిపోయింది. ఆ జనంలో, ఆ వేపాకు, కర్పూరం వాసనల్లో, నాన్న కొనిచ్చిన మిఠాయి నా చేతిలో కరిగి మోచేతిదాకా కారింది. తిరిగి వెళ్ళేసరికి అత్త ఉంటుందా అన్నదొక్కటే నా ఆలోచన.

ఉంది. పొయ్యి మీద శొంఠి కాఫీ మరుగుతోంది, గోడకు ఆనుకుని తాత ఎగశ్వాసతో కళ్ళు మూసుకున్నాడు, అత్త పొట్టలాలు చుడుతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె ముఖం చూశాక మాత్రం ఆ సంతోషానికి సిగ్గేసింది. మరుసటి వారం నుంచి వైతికుప్పం సరుకుకు వేరే మనిషి వచ్చాడు. అత్త మళ్ళీ ఏ కథా చెప్పమనలేదు.

తాత పోయి చాలాకాలమైంది. పప్పులు సగానికి సగం కవర్లలో సీలు వేసుకుని వస్తున్నాయి, పాత పుస్తకాల మూట గడప ఎక్కడం లేదు. అప్పట్లో మా ఇంట్లో ఎవరికీ రాని తెలుగు అక్షరాలు నేను పెద్దయ్యాక నేర్చుకున్నాను గాని, కథలు దించిన ఆ ఇంటి తెలుగు మా అమ్మాయికి సగం అర్థం కాదు. నేను గుర్తున్నంత చెబితే ఫోన్‌లో వెతికి తెప్పించింది ఆ పడవ నవలనే. చివరి పుటలు నిలబడే చదివి, పుస్తకం తీసుకుని కొట్టుకు వెళ్ళాను. తాత చోట ఇప్పుడు అత్త కూర్చుంటుంది.

"ఏందే అది?"

"ఆ పడవ పిల్ల కథ అత్తా. మొత్తం ఉండాది."

అత్త తక్కెడ మీది నుంచి చూపు తిప్పలేదు. "ఎక్కిందా?"

"ఎక్కింది."

తక్కెడలో ఇంకో గుప్పెడు పప్పు వేసింది. తరువాత అడిగింది, "ఆ పిల్లకు నాయన ఉండాడా?"

"లేడత్తా. మొదట్లోనే పోతాడు."

"అదే మరి," అంది అత్త, తక్కెడ ముల్లు నిలిచేదాకా ఆగి, పప్పు సంచిలో పోసింది.