ఆగే రాజు, ఆగని నీళ్లు

నేను పిరికిదాన్ని. ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. కంప్యూటర్ ఆటల్లో కూడా నాకు భయమే.

ఇంజినీరింగ్ చదివే రోజుల్లో, హాస్టల్లో స్నేహితురాలి లాప్‌టాప్ మీద మొదటిసారి కత్తులూ మంత్రాలూ ఉన్న ఆట ఆడాను. అందులో కథకి ఒకటే దారి. గుహ దాటితే కోట, కోట దాటితే సముద్రం. తప్పిపోవడానికి సందు ఉండేది కాదు. భయపెట్టాల్సిన చోట భయపెట్టేవారు, ఏడిపించాల్సిన చోట ఏడిపించేవారు. నా వెంట నడిచిన మంత్రగత్తె చచ్చిపోయిన రోజు నేను మెస్సుకి వెళ్లలేదు. కథ అలా గుండెకి తగలాలంటే ఆడేవాళ్లని చెయ్యి పట్టుకుని నడిపించాల్సిందే అని నా నమ్మకం.

మా అమ్మాయికి పదకొండేళ్లు. దానికి నా ఆటలు నచ్చవు. "ఇదేంటమ్మా, రైలెక్కినట్టు!" అంటుంది. దానికి ఓపెన్ వరల్డ్ కావాలి. ఎటు బుద్ధి పుడితే అటు పోవచ్చు, ఏ కొండైనా ఎక్కొచ్చు, ఎవరూ ఏమీ అనరు. మొన్న వేసవి సెలవులంతా అలాంటి ఆటే ఆడింది. మొదట్లోనే ఒక ముసలి రాజుకి ఎవరో విషం పెడతారు. కొండ మీదనుంచి మందు తేవాలి. మూడు వారాలైనా మా పిల్ల ఆ కొండ వైపు పోలేదు. నది వెంట గుర్రం మీద తిరిగేది. ప్రతి వంతెన కిందకీ దిగి చూసేది. గుహలోకి దూరే ముందు బయటికి వచ్చే దారులు ఎన్నున్నాయో వెతికేది. నాకు ఒళ్లు మండిపోయేది.

"అక్కడ రాజుగారు మంచం మీద కొట్టుకుంటున్నాడే, పాపం!"

"ఆయన ఆగుతాడులేమ్మా. మనం వెళ్లేదాకా చచ్చిపోడు."

తను చెప్పింది నిజమే, ఆ ఆటల్లో ఎవరైనా ఆగుతారు. కానీ ఆ మాట విన్నప్పుడల్లా నాకు లోపల ఏదో గుబులు. బయట లోకం కూడా తన కోసం ఆగుతుందని పిల్ల అనుకుంటుందేమోనని.

మాది మొగల్తూరు వైపు ఊరు. ఇంటి వెనకే కాలువ. ఏటా వేసవిలో ధవళేశ్వరంలో నీళ్లు ఆపేసి కాలువలు కట్టేస్తారు. ఆ నెలా నెలన్నరా అది కాలువ కాదు, రోడ్డు. పిల్లలు అందులో క్రికెట్ ఆడతారు, పెద్దవాళ్లు అడ్డదారని దిగి నడిచిపోతారు. కట్టేసిన కాలువంటే మా వాళ్లెవరికీ భయం లేదు, నాకు తప్ప. దిగితే కాళ్లు విరగ్గొడతానని మా అమ్మాయికి చెప్పి ఉంచాను. అది బుద్ధిగా తలూపింది.

నేను ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. ఆ రోజు పొద్దున్నే లస్కరు సైకిల్ మీద గట్టెంట వచ్చాడు. కాలువ మీద కాపలా, లాకుల పనీ అతనివే.

"నీళ్లొదిలేశారండి. సాయంత్రానికి మన దగ్గరికి వచ్చేత్తాయి. గొడ్లనీ, పిల్లల్నీ దిగనివ్వకండి," అని కేకేసి వెళ్లాడు.

సరేనన్నాను. మా అమ్మాయి నిద్ర లేచాక చెబుదామనుకున్నాను. తర్వాత మీటింగులు మొదలయ్యాయి, మర్చిపోయాను.

మూడున్నరకి హెడ్‌ఫోన్స్ తీసేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ముందు గదిలో ఆట ఆగి ఉంది. తెర మీద గుర్రం ఏటి ఒడ్డున నిలబడి ఉంది. పిల్ల లేదు. గుమ్మం దగ్గర దాని కొత్త చెప్పులూ లేవు. పాత జతలో ఒకటి కుక్క ఎత్తుకుపోయిందంటే నెల కిందటే కొన్నవి. రెండుసార్లు పిలిచాను, పలకలేదు. మా ఆయన రొయ్యల చెరువుల దగ్గర ఉన్నారు, ఫోన్ ఎత్తలేదు.

పెరట్లోకి పరిగెత్తాను. మా రేవు మెట్ల కింద, ఎండిన బురదలో చిన్న చెప్పుల అడుగులు కనిపించాయి. కాలువ మధ్యగా, ఎగువకి. గట్టు మీద నడుస్తూ చూడొచ్చని నాకు తట్టనే లేదు. అడుగులు కనిపించాయి, వాటి వెంట పడ్డాను. ఆటలో బాణం గుర్తు వెంట పడ్డట్టే. అవి ఇవాళ్టివో నిన్నటివో కూడా చూసుకోలేదు.

మలుపు తిరిగాక ముందుగా చెత్త కనిపించింది. ఎండుటాకులు, నురగ, ప్లాస్టిక్ సీసాలు వాటంతటవే నా వైపు నడిచి వస్తున్నాయి. ఒక్క క్షణం అర్థం కాలేదు. వాటి వెనక నీళ్లు. చప్పుడే లేదు. నీళ్లంటే హోరుమంటూ వస్తాయని నేను అనుకునేదాన్ని. చప్పుడు లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. పక్కకి తప్పుకోబోయి మెత్తటి చోట అడుగేశాను. కుడికాలు మోకాలి దాకా దిగిపోయింది. లాగితే ఎడమకాలూ దిగింది. రెండు వైపులా పాచి పట్టిన రాతి కట్టడం, పట్టుకోవడానికి గడ్డిపరక లేదు. నీళ్లు తొడల దాకా వచ్చాయి. భయం నా గురించి కాదు. పిల్ల ఇంకా ఎగువన ఎక్కడో మునిగి ఉంటుందని దాని పేరు పెట్టి అరిచాను.

"అమ్మా!"

తల పైకెత్తాను. వంతెన మీద ఉంది. లస్కరు పక్కన నిలబడి, నీళ్లు రావడం చూస్తోంది.

"లాగకు! లాగితే ఇంకా దిగుతావు! వెనక్కి వాలు, నీళ్లలో కూర్చున్నట్టు! ఒక్కో కాలూ మెల్లగా తియ్యి!"

నేను వాలాను. పదకొండేళ్ల పిల్ల చెబితే మారుమాట లేకుండా విన్నాను. కుడికాలు వచ్చింది, తర్వాత ఎడమది. ఎడమ చెప్పు లోపలే ఉండిపోయింది.

"ఇప్పుడు ఎడం పక్కకి రా! ఆ గుర్రపుడెక్క కుప్ప కింద పాత రేవు మెట్లున్నాయి!"

కాలువలోంచి తీసి పోసిన గుర్రపుడెక్క మొక్కలు ఎండిపోయి గట్టు మీదనుంచి నీళ్లలోకి వేలాడుతున్నాయి. అక్కడ మెట్లున్నాయని నాకు తెలియదు. పెళ్లయి వచ్చి పధ్నాలుగేళ్లైంది. చేత్తో తడిమితే రాయి తగిలింది. ఈలోగా లస్కరు గట్టు మీద పరిగెత్తుకొచ్చి వెదురుకర్ర అందించాడు.

"మీకేంటమ్మా ఈ పని? పొద్దున్నే చెప్పాను గదండి! పాప నయం, గట్టు మీంచే వచ్చింది."

గట్టెక్కి, వంతెన దిగి వచ్చిన పాపని దగ్గరికి లాక్కుని ఏడ్చాను. తిట్టలేదు. తిట్టే ముఖం నాకెక్కడిది?

ఇంటికొచ్చి నూతిగట్టు దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాను. బురద వదలడం లేదు. మనసు కొంచెం నిమ్మళించింది. ఇక ఆ రాజుగారి ఆట గురించి దాన్ని ఒక్క మాట కూడా అనకూడదు అనుకున్నాను. తిరిగీ తిరిగీ నేర్చుకున్నదే ఇవాళ నన్ను బతికించింది. అది చెంబుతో నీళ్లు పోస్తూ నా ఒంటి చెప్పు వైపు చూసింది.

"నా పాతదీ అక్కడే పోయిందమ్మా," అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక చెయ్యి గట్టు మీద ఆనించి నిలబడ్డాను.

"ఎంతసేపు ఉన్నావే అందులో?"

"తెలీదు. చాలాసేపు. అరిచాను గానీ ఎవరూ రాలేదు. అప్పుడే తెలిసింది, లాగితే రాదని."

"నేనెక్కడున్నాను?"

"ఇంట్లోనే. మీటింగులో."