కొండ చూసొచ్చిన ఆరు బొమ్మలు

మా ఆస్పత్రి నేలమాళిగలో, బట్టలుతికే యంత్రాల పక్క గదిలో ఇరవై రెండేళ్ళు కుట్టుమిషను తొక్కిన ఆవిడను మేమంతా గుండీలత్తయ్య అనేవాళ్ళం. చిరిగిన దుప్పట్లకు మాసికలు వెయ్యడం, రోగుల చొక్కాలకు నాడాలు కుట్టడం ఆవిడ పని. జేబు నిండా రకరకాల గుండీలు ఉండేవి. నడుస్తుంటే గలగలమనేవి. ఆ చప్పుడు వినబడగానే మూడో అంతస్తులో పిల్లలు తలలెత్తేవాళ్ళు.

ఆ మూడో అంతస్తులో, ఎముకలు విరిగిన పిల్లల వార్డులో నేను నర్సుని. బొమ్మలు బాగుచెయ్యడం అత్తయ్య ఉద్యోగంలో లేదు. చెయ్యమని ఎవరూ అనలేదు. కానీ పిల్లలు నెలల తరబడి ఒకే మంచం మీద ఉంటే, పక్కలో బొమ్మలు కూడా వాళ్ళతోపాటే నలిగిపోతాయి కదా. చెవి ఊడినా, పొట్ట పగిలి దూది బయటపడినా, ఆవిడ భోజనాల వేళ పైకొచ్చి పట్టుకెళ్ళేది. ముందు ఆ పిల్లనో పిల్లాణ్ణో అడిగేది. "దారం ఏ రంగు వెయ్యమంటావ్? సూది గుచ్చేటప్పుడు నువ్వు పక్కనుంటావా, నన్నే చూసుకోమంటావా?" మన డాక్టర్లు కూడా ఇంత శ్రద్ధగా అడగరు అని మా హెడ్ నర్సు ఒకసారి అనేసి, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసుకుంది.

ఆ ఏడాది కిటికీ పక్క మంచంలో తొమ్మిదేళ్ళ పిల్ల ఉండేది. సైకిలు మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. కాలికి బరువులు వేలాడదీశారు కనుక పక్కకు తిరిగే వీల్లేదు. మా కిటికీలోంచి చూస్తే ఊరవతల కొండ కనిపిస్తుంది. ఆ సెలవుల్లో అక్కడికి తీసుకెళ్తానని వాళ్ళ నాన్న మాటిచ్చాడట. పాపం, వెల్లకిలా పడుకునే చేతద్దం పైకెత్తి, అందులో అరచేయంత కొండను చూసుకుంటూ ఉండేది.

ఆ పిల్ల గుడ్డ ఏనుగుకు రెండు కళ్ళూ ఊడిపోతే అత్తయ్య నల్ల గుండీలు కుట్టి తెచ్చిచ్చింది. పిల్ల దాన్ని ముఖం దగ్గర పెట్టుకుని పరీక్షగా చూసింది.

"అత్తయ్యా, దీనికిప్పుడు బాగా కనిపిస్తుందా?"

"కనిపించాలి మరి. కోటు గుండీలవి, గట్టివి."

"అయితే దీన్ని ఆ కొండ మీదికి తీసుకెళ్ళవా? చూసొచ్చి నాకు చెప్తుంది."

నేనైతే "అలాగేలే బంగారం" అని, దుప్పటి సర్ది నా దారిన పోయేదాన్ని. అత్తయ్య కాసేపు కిటికీలోంచి కొండ వంక చూసింది. యాభై ఆరేళ్ళ మనిషి. ఎడమ మోకాలు అరిగిపోయింది. లిఫ్టు పాడైన రోజున మా అంతస్తుకు రావడానికి రెండుచోట్ల ఆగేది. "ఆదివారం నాకు సెలవే. వెళ్తాను," అంది.

ఆ మాట క్షణంలో వార్డంతా పాకిపోయింది. శనివారానికల్లా ఒక ఎలుగుబంటి, ఒంటికన్ను కోతి, కుందేలు, కుక్కపిల్ల తయారు. చివరి మంచంలో పన్నెండేళ్ళ అమ్మాయి మాత్రం బొమ్మలంటే మూతి తిప్పేది. అందరూ అటు తిరిగాక నన్ను పిలిచి, దిండు కిందనుంచి ఒక గుడ్లగూబను తీసి నా చేతిలో పెట్టింది. "నాదని చెప్పకండి సిస్టర్," అంది.

సోమవారం పొద్దున మెట్ల దగ్గర అత్తయ్య ఎదురైంది. కుంటుతోంది.

"పైన ఏం కనపళ్ళేదమ్మా. అంతా పొగమంచే. గంటన్నర కూర్చున్నా, విడిస్తేనా! ఆఖరి బస్సు పోతుందని దిగొచ్చేశా."

"పోనీలెండి అత్తయ్యా. లోయలూ పక్షులూ అని ఏదో ఒకటి కల్పించి చెప్పెయ్యండి. చిన్నపిల్లలు, వాళ్ళకేం తెలుస్తుంది?"

ఆవిడ నన్నొకసారి ఎగాదిగా చూసింది. "బొమ్మలు నాతోనే ఉన్నాయి కదమ్మా. వాటి ముందు అబద్ధం ఎలా చెప్పను?"

చెప్పలేదు. మంచాల మధ్య బల్ల మీద కూర్చుని ఒక్కొక్క బొమ్మనూ ఒళ్ళో పెట్టుకుని అది చూసినదే చెప్పింది. ఎలుగుబంటి పెద్దది కాబట్టి వీపుకు కట్టుకుందట. అందుకని అది దారి పొడవునా వెనక్కే చూసింది. అందరూ కొండెక్కుతుంటే దానికి మాత్రం బస్సూ చెట్లూ కిందికి జారిపోతున్నట్టుంది. కుందేలు తల సంచిలోంచి కిందికి వేలాడుతోందని సగం దారిలోగానీ అత్తయ్య గమనించలేదు. అది చూసినవన్నీ చెప్పులే. కోతి వాగులో చేపను చూసింది. "దానికి ఒక్క కన్నే కదా, సగం చేపే కనిపించిందా?" అని కోతిగల పిల్లాడు అడిగాడు. "చేప మొత్తం కనిపించింది. రెండోసారి చూద్దామనేలోగా పారిపోయింది," అంది అత్తయ్య. వార్డు ఘొల్లుమంది.

ఏనుగు వంతు వచ్చింది. దాన్ని శిఖరం దాకా చేతుల్లోనే మోసుకెళ్ళింది.

"పైనుంచి ఏం చూసింది?" అంది పిల్ల.

"తెల్లగా. నా చెయ్యి నాకే కనిపించనంత తెల్లగా. అంతే తల్లీ."

పిల్ల ముఖం గోడకు తిప్పేసుకుంది. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. నాకు అత్తయ్య మీద ఒళ్ళు మండింది. నాలుగు మంచి మాటలు కల్పిస్తే ఈవిడ సొమ్మేం పోయింది అనుకున్నాను.

మర్నాడు ఆ పిల్లే కబురంపి పిలిపించుకుంది. "మంచులో ఉంటే ఎలా ఉంటుంది?" అని అడిగింది. అత్తయ్య ఏనుగును ఇంకా ఉతకలేదు. బయటినుంచి వచ్చిన బొమ్మను ఉతక్కుండా పక్కలో పెట్టకూడదని మా నియమం. కవరులోంచి తీసి చెవి మాత్రం పట్టుకోనిచ్చింది. ఇంకా చెమ్మగా ఉంది. పిల్ల దాన్ని నొక్కింది, వాసన చూసింది, కళ్ళు మూసుకుంది.

"చల్లగుంది. మట్టి వాసనొస్తోంది."

"మంచు వాసన అదే," అంది అత్తయ్య.

ఆ పూట అన్నం తినేసి, వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తావా అని అడిగింది.

ఈసారి అత్తయ్య భర్త, మా అందరికీ మావయ్య, ఆయన కూడా బయల్దేరాడు. తాళాలు బాగుచేసే ఆయన. నోటికి మాత్రం తాళం ఉండదు. "ఈవిడ కొండ మీద ఇరుక్కుపోతే కిందికి తెచ్చే తాళంచెవి నా దగ్గర లేదు, అందుకని తోడు," అన్నాడు మాతో. పన్నెండేళ్ళ అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. సరిగ్గా పదకొండింటికి మనం కిటికీకి ఎర్ర దుప్పటి కట్టాలి, పైనుంచి బొమ్మలు చూడాలి. దుప్పటి కట్టడం నిబంధనలకు విరుద్ధం. హెడ్ నర్సుకు ఆ పూట మందుల గదిలో చాలా పని పడింది. నేనే కట్టాను. పిల్లలు పది నిమిషాలు చేతులూపారు. ఏనుగుగల పిల్ల అద్దం ఊపింది.

ఆ రోజు ఆకాశం కడిగినట్టుంది. సోమవారం భార్యాభర్తలిద్దరూ వచ్చారు. పైనుంచి నది వంపు తిరిగి కనిపించిందట. రైలు పురుగులా పాకిందట. కుక్కపిల్లను గాలి ఎగరగొట్టబోతే మావయ్య తోక పట్టి ఆపాడట.

"మరి మా దుప్పటి?" అని అందరూ ఒక్కసారే అడిగారు.

"ఎందుకు కనిపించలేదు! ఎర్రగా రెపరెపలాడింది," అన్నాడు మావయ్య.

"మీ కళ్ళజోడు ఇంట్లో బల్ల మీదుంది," అంది అత్తయ్య. తర్వాత పిల్లల వైపు తిరిగింది. "ఆస్పత్రి కనిపించింది. అగ్గిపెట్టెంత ఉంది. దుప్పటి నాకు కనపళ్ళేదు. మీరు కట్టారని మాత్రం తెలుసు. పదకొండింటికి బొమ్మలన్నిటినీ ఇటే తిప్పి నిలబెట్టాను."

అందరూ ఏనుగు వైపు చూశారు. ఆ పిల్ల దాని తొండం తన చెవికి ఆనించుకుని చాలాసేపు వింది.

"దీనికీ కనపళ్ళేదంట," అంది.

ఆ మాట విన్న సాయంత్రమే నాకొక అలవాటు పోయింది. అంతకుముందు సూది వేసేటప్పుడు ప్రతి పిల్లకూ చీమ కుట్టినట్టు ఉంటుందని చెప్పేదాన్ని. ఆ రోజు ఒక పిల్లాడితో, "నొప్పి పుడుతుంది. పది లెక్కపెట్టేలోగా తగ్గుతుంది," అన్నాను. వాడు ఏడ్చాడు. పది లెక్కపెట్టాక మానేశాడు. మర్నాడు నన్ను చూసి దుప్పట్లో దూరలేదు.

ఆ పిల్ల పదకొండో వారంలో చంకకర్రలతో ఇంటికెళ్ళింది. తర్వాత కొండెక్కిందో లేదో నాకు తెలియదు. కానీ కొత్తగా వచ్చిన పిల్లలకు ఆ కబురు ఎవరో ఒకరు చెప్పేవాళ్ళు, వాళ్ళు తమ బొమ్మలు అందించేవాళ్ళు. అత్తయ్య ఆరేళ్ళపాటు నెలకో ఆదివారం వెళ్ళింది. వానలో వెళ్ళిన రోజున వాన గురించే చెప్పింది. మోకాలు మరీ మొరాయించాక వాగు దగ్గరి బండ దాకానే వెళ్ళేది. "ఇది సగం కొండే. పైసంగతి నన్నడగొద్దు," అనేది.

ఒకసారి నేనూ తోడు వెళ్ళాను. బండ మీద కూర్చుని సంచిలోంచి బొమ్మలను తీసి, ఒక్కొక్కదాన్ని సర్ది, ఒకదాన్ని వాగు వైపు, ఒకదాన్ని చెట్ల వైపు తిప్పి కూర్చోబెట్టింది. తనూ వాటి పక్కనే కూర్చుంది. అరగంట గడిచింది. ఎండ ఎక్కుతోంది.

"వెళ్దామా అత్తయ్యా?" అన్నాను.

"ఉండమ్మా," అంది, మోకాలు నిమురుకుంటూ. "ఆ చివరిది అన్నిటికన్నా ఆఖర్న కదా బయటికొచ్చింది. చూడనీ."