కదలాలి, మోగకూడదు

"మీ బాబాయి ఇంక బండి కట్టడమ్మా" అంది పిన్ని ఫోన్లో.

నేను స్టాఫ్ రూములో ఉన్నాను. బయట పిల్లల గోల. బాబాయి ఎట్టకేలకు జట్కా మానేశాడని అనుకున్నాను. "పోన్లే పిన్నీ, మంచిపని చేశాడు. ఈ వయసులో ఇంకా ఎన్నాళ్ళు తోలతాడు" అన్నాను. లైను పోయిందేమోనని రెండుసార్లు హలో అన్నాను. అప్పుడు చెప్పింది. పొద్దున గుర్రానికి గడ్డి వేసి వచ్చి అరుగు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయాడట.

చావు కబురు విని మంచిపని చేశాడన్నదాన్ని నేను. ఆ మాటను ఎలా వెనక్కి తీసుకోవాలో ఇప్పటికీ తెలియడం లేదు. ఇది రాయడానికి కూర్చున్నది అందుకేనేమో.

ఆయన మాకు చుట్టం కాదు. తొంభైల చివర్లో పెదకాకాని దగ్గర స్కూల్లో నాకు మొదటి పోస్టింగు వచ్చినప్పుడు మేం అద్దెకు దిగిన ఇంటి పక్కిల్లు వాళ్ళది. దిగిన వారానికే బాబాయి, పిన్ని అనడం అలవాటైపోయింది. అప్పటికే గుంటూరు రోడ్డు నిండా ఆటోలు వచ్చేశాయి. జట్కాలు ఒకటీ అరా మిగిలాయి. ఆ మిగిలినవాటిలో బాబాయి బండిని కళ్ళు మూసుకుని కూడా గుర్తుపట్టొచ్చు. అది మోగదు. గిట్టల చప్పుడు, చక్రం కింద కంకర నలిగే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు.

గుర్రానికి అటూ ఇటూ ముందుకు చాచి ఉండే రెండు పొడవాటి కర్రల్ని నొగలంటారు. అవి బండికి కలిసేచోట ఇనప పట్టీ, అందులో దూర్చిన శీల ఉంటాయి. రోజూ తిరిగే బండికి ఆ చిల్లు అరిగి శీల వదులవుతుంది. ఇక అడుగడుక్కీ లొడలొడ. మిగతా బండ్లవాళ్ళు దాన్ని పట్టించుకునేవాళ్ళు కాదు. బాబాయి మాత్రం ప్రతి ఆదివారం నొగలు ఊడదీసి అరుగు ముందు పరిచేవాడు. పాత చెప్పుల తోలు గుండ్రంగా కత్తిరించి, ఆముదంలో రెండు రోజులు నానబెట్టి, ఆ బిళ్ళల్ని పట్టీకీ శీలకూ మధ్య కూర్చేవాడు. ఒకసారి ఆటో ట్యూబు ముక్క పెట్టి చూశాడు, ఎండకు జిగురైపోయింది. గోనె తాడు చుట్టి చూశాడు, వానకు ఉబ్బి నొగ కదలనే లేదు. మళ్ళీ తోలు దగ్గరికే వచ్చాడు. ఆ పిచ్చిలో ఓసారి పిన్ని కొత్త చెప్పు కూడా పోయింది. ఆవిడ నెల రోజులు ఆ సంగతి వీధి వీధంతా చెప్పుకుంది.

గట్టిగా బిగించేస్తే పోతుంది కదా అని అడిగాను ఒకరోజు.

"బిగిస్తే మోత ఆగుద్ది టీచరమ్మా, కొయ్య చీలుద్ది. గుర్రం వంగినప్పుడు అదీ వంగాలిగా. కదలాలి, మోగకూడదు. అంతే" అన్నాడు.

ఈ ఓపిక అంతా దేనికని నాకు నవ్వొచ్చేది. మా నాన్న పడిపోయాక ఆ నవ్వు పోయింది.

నాన్నది ప్రత్తిపాడులో మిరప సేద్యం. కాయలు అమ్మడానికి గుంటూరు మిర్చి యార్డుకు వచ్చి, బస్తాల మీద నుంచి జారి వెల్లకిలా పడ్డాడు. నడుం దగ్గర ఎముక దెబ్బతింది. మా ఇంటికి తెచ్చుకున్నాం. గుంటూరులో వైద్యం. ఆటో ఎక్కిస్తే ప్రతి గుంటకూ పళ్ళు కొరుక్కునేవాడు. ఒకరోజు బాబాయి తనంతట తానే వచ్చి, "అన్నయ్యగారిని నా బండిలో పడుకోబెట్టండి" అన్నాడు. కింద పత్తి పరుపు వేసి, పక్కల దిండ్లు కూరి, గుర్రాన్ని నడిపించుకుంటూ తీసుకెళ్ళాడు. ఆ రోజు దారిలో నాన్న నిద్రపోయాడు. దెబ్బ తగిలాక ఆయన పగలు నిద్రపోవడం అదే మొదలు. నాకు బాబాయి కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది.

అలా మూడు నెలలు తిప్పాడు. తర్వాత జరిగింది నాకు ఇవాళ్టికీ అర్థం కాదు.

నడుం సంగతి చూసే పెద్ద డాక్టరు ఒకాయన బయట ఊరి నుంచి నెలకోసారి వచ్చేవాడు. ఆపరేషన్ చెయ్యాలా వద్దా అన్నది ఆయనే తేల్చాలి. ఆ రోజు పెందలాడే బయల్దేరాం. సగం దారిలో, పత్తి లోడు లారీలు వరసగా పోతున్నచోట, బాబాయి కళ్ళెం లాగి బండి పక్కకు తీశాడు. దిగి నొగను కదిపి దాని దగ్గర చెవి పెట్టాడు. మోగుతోందన్నాడు, శీల విరిగితే బండి ఒరిగిపోద్దన్నాడు. నాకేమీ వినపడలేదు. గుర్రాన్ని విప్పాడు, శీల ఊడదీశాడు. అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. వేరే శీల వేసి, బిళ్ళలు మార్చి, మళ్ళీ కట్టేసరికి గంట దాటింది. ఆటో ఆపుదామన్నా నాన్నను అందులోకి మార్చే దారి లేదు. నేను బతిమాలాను, తర్వాత అరిచాను.

"నీకు బండి ముఖ్యమా, మనిషి ముఖ్యమా బాబాయ్?"

ఆయన తలెత్తలేదు. పట్టీలో ఇంకో బిళ్ళ కూర్చాడు.

మేం వెళ్ళేసరికి డాక్టరు వెళ్ళిపోయాడు. ఇంకో నెల ఆగాల్సి వచ్చింది. ఆ నెలలో నాన్న కుడికాలు మొద్దుబారింది. ఆపరేషన్ అయ్యాక లేచి నడిచాడు గానీ కర్ర లేకుండా నడవలేడు. ఒక నెల ముందైతే ఆ కాలు దక్కేదా అని డాక్టరును అడిగాను. చెప్పలేమమ్మా అన్నాడు.

నేను బాబాయితో మాట్లాడటం మానేశాను. అప్పటిదాకా స్కూలుకు ఆయన బండిలో వెళ్ళేదాన్ని, ఇక ఆటో ఎక్కాను. నాన్న మాత్రం ఆయన బండే కావాలన్నాడు. ఆ రోజు నీకు ఏమైనా వినిపించిందా అని నాన్నను నిలదీశాను. "నాకేం వినపళ్ళా. నేను వినేది నా నొప్పినే కదమ్మా" అన్నాడు.

ఆ వానాకాలం ఒక సాయంత్రం ఆటోలు లేక స్కూలు గేటు దగ్గర తడుస్తూ నిలబడ్డాను. బాబాయి బండి వచ్చి ఆగింది. ఎక్కమనలేదు, నేనూ అడగలేదు, ఎక్కి కూర్చున్నాను. రైలు గేటు పడి బండి ఆగినప్పుడు అడిగాను, ఆ రోజు నిజంగా ఏం విన్నావని.

ఆయన గేటు వైపే చూస్తూ చెప్పాడు. "విన్నాననే అనుకున్నానమ్మా. ఇప్పుడైతే నాకూ అనుమానమే. కానీ మళ్ళీ అట్టా వినపడితే మళ్ళీ ఆపుతా. లోపల పడుకున్నది ఆ నడుం కదా."

నాకు కోపం రావాలో, ఏడుపు రావాలో తెలియలేదు. మర్నాటి నుంచి మళ్ళీ ఆయన బండిలోనే వెళ్ళాను. ప్రత్తిపాడుకు బదిలీ అయ్యేదాకా రోజూ వెళ్ళాను. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. క్షమించానని నేను చెప్పలేదు. క్షమించమని ఆయన అడగలేదు. అసలు ఎవరు ఎవరిని క్షమించాలో నాకు తెలిస్తే కదా.

బాబాయి పోయిన పదో రోజుకి నాన్నా నేనూ వెళ్ళాం. బండికి ఇనప పని చేసే కమ్మరి కూడా వచ్చాడు. ఉండబట్టలేక ఆయన్ను పక్కకు పిలిచి, ఆ రోజు దారిలో ఊడదీసిన శీల గురించి అడిగాను. బాబాయి దాన్ని మర్నాడే ఆయన దగ్గరికి పట్టుకెళ్ళాడట. "వంగలా, పగల్లా. నిక్షేపంలాంటి శీల, మళ్ళీ వేసుకోమన్నాను. వేసుకోలేదు" అన్నాడు కమ్మరి.

పిన్ని ఆ మాట ఒప్పుకోలేదు. దాని మెడ దగ్గర వెంట్రుకంత పగులు ఉందని, బాబాయి తన వేలు పట్టుకుని దాని మీదుగా పోనిచ్చి చూపించాడని చెప్పింది. వేలికి తగిలిందా అని అడిగాను. తన వేలి కొస చూసుకుంది.

"ఆయన తగిలిందన్నాడు. నేనూ తగిలిందన్నాను" అంది.

ఆ శీలను ఆయన కాలవలో పారేశాడట. ఇంక తేల్చేవాళ్ళు లేరు. ఆ మనిషి మా నాన్న నడుం కాపాడాడా, కాలు పోగొట్టాడా? రెండూ చేశాడా, రెండూ చెయ్యలేదా? ఇన్నేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, ఈ ఒక్కదానికి జవాబు రాయలేకపోతున్నాను. నాకు తెలిసింది ఒకటే. మా నాన్న ఒంటికి కుదుపు తగలకూడదని తాపత్రయపడ్డ మనిషి, మా ఇంటివాళ్ళం కాకుండా, ఈ భూమ్మీద ఆయన ఒక్కడే. ఆ రుణం ఆ రోజు తప్పుకన్నా పెద్దదో చిన్నదో కొలవడం నాకు చేతకాదు. దణ్ణం మాత్రం పెట్టగలను.

భోజనాలయ్యాక అమరావతి వైపు నుంచి ఒకతను గుర్రం కోసం వచ్చాడు. పెళ్ళి ఊరేగింపులకు తిప్పుకుంటాడట, బండి అక్కర్లేదన్నాడు. పిన్ని గుర్రం మెడ నిమిరి తాడు అతని చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. నాన్నా నేనూ అరుగు మీద నిలబడి చూశాం. వెనక ఏమీ లేకుండా నడవడం ఆ గుర్రానికి కొత్త. వీధి మలుపుదాకా నాలుగడుగులకోసారి ఆగింది. తల తిప్పలేదు. ఆగినప్పుడల్లా చెవులు రెండూ వెనక్కి పెట్టింది.