మొగులప్ప కాళ్లు

నారాయణఖేడ్ మిషన్ ఆవరణలో డ్రిల్లు నేర్పే కాలేబు పంతులుకు నోరు పెద్దది, ధైర్యం చిన్నది. ఈ మాట ఆయన పెళ్లాం హన్నమ్మే పదిమందిలో అనేది. అబద్ధమేమీ కాదు. ఆయన కేక వేస్తే కచేరీ దాకా వినబడేది. పాదిరి ఎదురుపడితే మాత్రం రుమాలు తీసి మెడ తుడుచుకునేవాడు.

యుద్ధం జరుగుతున్న రోజులవి. రెండు గుంజలు పాతించి, కమ్మరి వంచి ఇచ్చిన ఇనుప కడియాలు బిగించి, ఊరి జవానులకు బాస్కెట్‌బాల్ నేర్పుతుండేవాడు కాలేబు. ఎవడు బంతిని బుట్టలో వేస్తే గోడ మీద వాడి పేరు పక్కన బొగ్గుతో ఒక గీత. అక్కడ మనిషి విలువంతా ఆ గీతలే.

ఆ వానాకాలం సిర్గాపూర్ నుంచి మొగులప్ప వచ్చాడు. పటేలు దగ్గర జీతమున్నవాడు, పదేళ్లుగా మోట తోలినవాడు. తోలుబొక్కెన నీళ్లు గుమ్మరించాక ఎడ్లను వెనక్కి నడిపించుకుంటూ బావి గట్టెక్కాలి. తోలేవాడు కూడా వాటితోపాటు వెనక్కే నడవాలి. కాలు తప్పితే బావిలోనే. వానల్లో మోటకు పని ఉండదు గనుక పటేలు దసరా దాకా వదిలాడు. మిషన్ గోడ కట్టే కూలికి వచ్చి, సాయంత్రాలు ఆటలో దిగాడు.

వాడికి బుట్టలో వేయడం రాదు. కానీ బంతి పట్టుకొని ఎంతటివాడొచ్చినా, వాడి కళ్లల్లోకి చూస్తూ వెనక్కి వెనక్కి ఉరుకుతాడు. తడబడడు, తిరిగి చూడడు, దారివ్వడు. మొదట కాలేబు కూడా నవ్వాడు. నెల తిరిగేసరికి ఆ నవ్వు పోయింది.

"గుంజకు కట్టిన ఎద్దు పంతులూ వీడు. బుట్ట దిక్కు సూడనే సూడడు" అన్నాడు అందరికన్నా ఎక్కువ గీతలున్న కాశప్ప.

"వాడున్న పక్క ఏనాడన్న ఓడిందారా?"

కాశప్ప గోడ వైపు చేయి చూపాడు. మొగులప్ప పేరు పక్కన ఒక్క గీత లేదు.

అప్పుడే కబురొచ్చింది. హైదరాబాద్ నుంచి పెద్ద డ్రిల్లు మాస్టరు వచ్చి ఆట చూసి ఒక్కణ్ణి తన జట్టులోకి తీసుకపోతాడట. తిండి, బస, ఆ మీదట చప్రాసీ నౌకరీ. మొగులప్పకు ఇదొక్కటే దారి. ఇది తప్పితే దసరా, మళ్లీ మోట, చచ్చేదాకా పటేలు జీతం.

"గంత నమ్మకముంటే గా సారుకు నోరు తెరిచి చెప్పు" అంది హన్నమ్మ.

"చెప్త. నాకేం భయం?" అన్నాడు కాలేబు.

పెద్ద మాస్టరు వచ్చీరాగానే గోడ ముందు నిలబడ్డాడు. మొగులప్ప పేరు దగ్గర చాలాసేపు ఆగాడు. గీతలు లేవనే చూస్తున్నాడనుకున్నాడు కాలేబు. మొగులప్పను చెట్టు చాటుకు లాక్కుపోయాడు.

"ఇయ్యాల ఎవ్వర్నీ అడ్డుకోకు. బంతి దొరికితే సీదా బుట్ట మీదికి పో. నాలుగన్న పడాలె."

"నాకు రాదు పంతులూ."

"రావాలె. నా మాట ఇను."

మొగులప్ప తలూపాడు. పెద్దవాళ్ల మాట కాదనడం వాడి ఇంటావంటా లేదు. చెప్పింది చెప్పినట్టే చేశాడు. పదకొండుసార్లు విసిరితే ఒక్కటీ పడలేదు. ఎదుటి జట్టువాళ్లు ఖాళీ బజారులో నడిచినట్టు నడిచిపోయారు. మొగులప్ప ఉన్న జట్టు ఓడిపోవడం అదే మొదలు.

ఆట అయ్యాక పాదిరి ఇంట్లో చాయ్ తాగుతూ పెద్ద మాస్టరు పెదవి విరిచాడు.

"బుట్టల ఏసెటోళ్లు మా దగ్గర డజను మంది ఉన్నరు పంతులూ. నాకు ముందల నిలవడి ఆపెటోడు కావాలె. గీతలు లేనోడు ఒకడున్నడంటే గందుకే ఉన్నడనుకున్న. తీరా సూస్తే వాడు గూడ బంతి ఎంట ఉరికెటోడే."

"వాడు ఆపుతడు సారూ. నేనే..." అన్నాడు కాలేబు.

"నువ్వే ఏంది?"

పాదిరి కప్పు కింద పెట్టి కాలేబు వైపు చూశాడు. కాలేబు రుమాలు తీశాడు.

"ఏం లేదు సారూ" అన్నాడు.

పెద్ద మాస్టరు ఎవర్నీ తీసుకోకుండానే వెళ్లిపోయాడు. కాలేబు బయటికొచ్చేసరికి మొగులప్ప మూట కట్టుకుంటున్నాడు. దసరాకు ఇంకా పది రోజులున్నాయి.

"కోపం జెయ్యకుండ్రి పంతులూ. నా కాడ ఏం లేదని గోడనే చెప్పె. మీరే నన్ను నమ్మిన్రు" అన్నాడు.

జరిగింది చెప్పేయాలని కాలేబు ప్రాణం కొట్టుకుంది. కానీ సిగ్గేసింది. రేపు చెప్పొచ్చనుకున్నాడు. తెల్లారేసరికి వాడు సిర్గాపూర్ దారి పట్టాడు.

తర్వాత నాలుగేళ్లు సంతలో ఎక్కడ ఎదురుపడినా మొగులప్పే ముందు తలవంచుకునేవాడు. "ఆ దినం మీ పరువు తీస్తి పంతులూ" అనేవాడు.

"పోనీ తీయిరా. మాఫ్ జేసిన" అనేవాడు కాలేబు.