బరంపురం నుంచి భంజనగర్‌కి, ముప్పయ్యొక్క ఏళ్లు ఆలస్యంగా

“బండి బాగానే ఉన్నాది, నడిపేవోడికే రాదు.” మా బావ ఈ మాట అని ముప్పయ్యొక్క ఏళ్లయింది. బావ అంటే మా ఆవిడకి అన్న, భంజనగర్‌లో బడి పంతులుగా చేసి రిటైరయ్యాడు. బండి, అంటే ఈ మోటారు సైకిలు, కొత్తలో ఆయనదే. రెండేళ్లు తోలి, సెప్టెంబరులో బండ్లకి, పనిముట్లకి చేసే విశ్వకర్మ పూజ రోజున బొట్టు పెట్టి మరీ తాళాలు నా చేతికిచ్చాడు. ఆ మాఘంలోనే ఆయన కూతురి పెళ్లి. బరంపురం బడా బజార్‌లో కొన్న పట్టుచీర తెచ్చే పని నాకు అప్పజెప్పారు. చీర మూట సీటుకి కట్టి తెల్లారకముందే బయలుదేరాను. దారిలో బండి మూడు చోట్ల ఆగింది. నేను చేరేసరికి తాళి కట్టేశారు, పిల్ల వేరే చీరలో పీటల మీద కూర్చుంది. అప్పుడు పందిట్లో అందరూ వింటుండగా అన్నాడు ఆ మాట. తర్వాత ఏ శుభకార్యంలో కలిసినా మళ్లీ అదే అంటాడు, నవ్వుతూ. నేను నవ్వలేదు.

ఇప్పుడు నాకు డెబ్భై నాలుగు. ఈసారి రాబోయే విశ్వకర్మ పూజ వెళ్లిన వారానికి కుడి మోకాలికి ఆపరేషన్ పెట్టారు. కిక్కు కొట్టే బండి ఇక ముట్టుకోవద్దని డాక్టరు ముందే చెప్పేశాడు. అంటే ఆ దారిలో ఆ బండి ఎందుకు ఆగుతుందో తేల్చుకొని, బావ చేత ఆ మాట వెనక్కి తీయించడానికి నాకు మిగిలింది ఈ ఒక్క ప్రయాణమే.

“ఆ ముక్కేదో ఫోన్లో అడగరాదేటండి?” అంది మా ఆవిడ.

“ఫోన్లో బండి కనపడదు,” అన్నాను.

పోయిన ఆదివారం ఉదయం ఆరింటికి బయలుదేరాను. ముందు రోజే ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించాను. ఈ పాత బండిని లేపడానికి ఓపిక కావాలి. పెట్రోలు తిప్పాలి, కార్బొరేటర్ పక్క బొడిపె నొక్కితే తడి కనపడాలి, ఎడమ చేతి చిన్న లీవరు పట్టుకొని, కరెంటు మీటరు ముల్లు మధ్యకి వచ్చేదాకా కిక్కు నెమ్మదిగా దించాలి, లీవరు వదిలి అప్పుడు నిండుగా ఒక్క తన్ను. గట్టిగా తన్నితే లేస్తుందనుకొనేవాళ్లకి ఇది తిరిగి తన్నుతుంది. రెండో కిక్కుకి లేచింది. సందులో ఆ దడదడ వింటే నాకు నలభైల్లో ఉన్నప్పటి నా కాళ్లు గుర్తొచ్చాయి.

బరంపురం నుంచి హింజిలి, ఆసిక మీదుగా భంజనగర్ ఎనభై కిలోమీటర్ల పైమాటే. బస్సులు పొద్దుటి నుంచీ ఉంటాయి, మూడు గంటలు వేసుకోండి. అప్పట్లో ఈ రోడ్డు ఇంత వెడల్పు లేదు, ఎదురుగా చెరకు బండి వస్తే మనం మట్టిలోకి దిగాల్సిందే. హింజిలి దాకా రెండు పక్కలా కూరగాయల మళ్లు, వాన వెలిసిన వాసన. బండి నా చేతికొచ్చిన కొత్తలో మా ఆవిడని వెనక కూర్చోబెట్టుకొని వెళ్లినప్పుడు వంకాయ మడి కనపడితే చాలు, ఆపమనేది. ఆపితే మళ్లీ లేస్తుందో లేదోనని నేను ఆపేవాణ్ని కాదు. అది ఇప్పుడు తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

హింజిలి దాటి నాలుగైదు కిలోమీటర్లు వెళ్లానో లేదో బండి ఒకసారి దగ్గి, ఇంకోసారి దగ్గి, ఆగిపోయింది. ఏడు కావస్తోంది. రిజర్వుకి తిప్పాను. ప్లగ్గు విప్పి ఇంజనుకి ఆనించి కిక్కు కొట్టాను, నిప్పు నీలంగా, లావుగా ఉంది. ప్లగ్గు మాత్రం పొడిగా ఉంది. నిప్పుంది, ట్యాంకు నిండా పెట్రోలుంది, ఇంజనుకి మాత్రం అందడం లేదు. ఈ ముప్పయ్యొక్క ఏళ్లలో మూడు కార్బొరేటర్లు మార్చాను. పది కిక్కులు కొట్టేసరికి మోకాలు మొరాయించింది.

పక్కనే రేకుల హోటలు. ఇచ్ఛాపురం వైపు నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చిన లచ్చమ్మ నడుపుతోంది. ఇక్కడి ఒడియా అలవాటులో పెద్దవాళ్లని మౌసా అని పిలుస్తుంది.

“మౌసా, తన్నింది సాలు, నీ కాలే ఇరుగుద్ది. రా, కూకో.”

ఉప్మా మీద బఠాణీ కూర పోసి ఇచ్చింది. ప్లేటు ముప్పై రూపాయలు, ఆ దారిన వెళ్తే తప్పకుండా తినండి. వడల కోసం కొత్త నూనె డబ్బా తీసి మేకుతో ఒక కన్నం పొడిచి మూకుడులోకి వంచింది. నూనె కాస్త వచ్చి ఆగింది, మళ్లీ కాస్త వచ్చి ఆగింది.

“నూనె కూడా నీ బండి లాగే ఉన్నాది మౌసా. కూసింత వత్తాది, ఆగిపోతాది.”

“ఒక్క కన్నం ఎడితే ఎలా వత్తాదమ్మా? ఎదర ఇంకోటి ఎట్టు. నోపలికి గాలి ఎల్లాలా ఒద్దా?”

రెండో కన్నం పొడవగానే నూనె ధారగా దిగింది. “సదువుకున్నోడివే,” అంది.

“మూడో తరగతి,” అన్నాను. అని, ఉప్మా అక్కడే వదిలేసి బండి దగ్గరికి వెళ్లాను.

ట్యాంకు మూత తిప్పాను. స్‌స్‌మని గాలి లోపలికి పీల్చుకుంది. మూత మీద సూది మొనంత బెజ్జం ఉండాలి, పెట్రోలు దిగుతున్నకొద్దీ గాలి లోపలికి పోవడానికి. అది ఎక్కడుందో కనపడలేదు. దాని మీద నెయ్యితో కలిపిన సిందూరం పొర మీద పొర, లక్కలాగా గట్టిపడి ఉంది. ఏటా విశ్వకర్మ పూజకి పాత బొట్టు చెరపకుండా దాని మీదే కొత్తది పెట్టడం మా అలవాటు. ఏ మెకానిక్కూ దాన్ని గీకడు, దేవుడి బొట్టు. పైగా వాళ్లు ముందు మూత తీసి పెట్రోలుందా అని చూస్తారు, ఆ చూడటంలోనే గాలి వెళ్లి బండి లేచేది. మేము దానికి ఇంజను చల్లారిందని పేరు పెట్టాం. బరంపురంలో కూరగాయలకి వెళ్లి రావడానికి ఇది బయటపడదు. దూరం వెళ్లేటప్పుడే బయటపడుతుంది. లచ్చమ్మ గాజుకున్న పిన్నీసు అడిగి, ఒక దండం పెట్టుకొని బెజ్జం పొడిచాను. మొదటి కిక్కుకే లేచింది.

ఆసిక దగ్గర రుషికుల్య నది వంతెన మీద ఆగి, కావాలనే ఆపి, మళ్లీ లేపాను. పదింటికల్లా భంజనగర్. బావ అరుగు మీద పేపరు చదువుతున్నాడు, ఎనభై రెండేళ్లు.

“ఏటి సిమ్మాచలం, ఎక్కడి నుంచి తోసుకొచ్చావు?”

“తొయ్యలేదు.” జరిగింది చెప్పి మూత చేతికిచ్చాను. కళ్లద్దాలు పెట్టుకొని వెలుతురుకి ఎత్తి చూశాడు.

“అయితే ఈ బొట్లు ఎవులెట్టారు? ముప్పై ఏళ్లుగా నువ్వు కాదేటి?”

“తరవాతవి నావే. పెళ్లినాటికి దీని మీదున్నవి మూడు. మూడూ నీ సేతివే. పాతది సెరపకూడదని సెప్పింది కూడా నువ్వే.”

మూత ఇటూ అటూ తిప్పాడు. తిరిగి నా చేతిలో పెట్టాడు.

“సేపల పులుసు సల్లారిపోతాది. ముందు అన్నం తిను,” అన్నాడు.

తిన్నాక పడుకున్నాడు. మూడింటికి నేను బయలుదేరుతుంటే గేటు దాకా వచ్చి ట్యాంకు మీద చెయ్యి వేసి, “ఎల్లగానే ఫోన్ సెయ్యి,” అన్నాడు. అంతే. తిరుగు దారిలో బండి ఎక్కడా ఆగలేదు, అయిదున్నరకి ఇంట్లో ఉన్నాను.

ముప్పై ఏళ్లు స్నానం చేసి, భక్తిగా, నా చేత్తోనే దాని ఊపిరి మూశాను. అది నేను ఒప్పుకొన్నాను, ఇక్కడ రాశాను కూడా. పాత బండ్లున్నవాళ్లకి ఒకటే చెబుతాను: పాతిక ముప్పై కిలోమీటర్లు పోయాక బండి ఆగి, ప్లగ్గు పొడిగా ఉంటే, కార్బొరేటర్ ముట్టకండి. ముందు ట్యాంకు మూత తీసి చెవి పెట్టండి. బొట్టు హెడ్‌లైటు మీద పెట్టుకోండి, దేవుడేమీ అనుకోడు.

బావా, ఇది నువ్వు ఫోన్లో చదువుతావని తెలుసు. పందిట్లో ఆ మాట విన్నవాళ్లలో నీ చెల్లెలు, మా ఆవిడ, కూడా ఉంది. ఆమెకి ఫోన్ చేసి, తప్పు నడిపేవాడిది కాదని ఒక్క మాట చెబితే చాలు, ఇంకెవరికీ చెప్పనక్కర్లేదు. విశ్వకర్మ పూజ సాయంత్రం దాకా చూస్తాను. చెబుతావా, చెప్పవా?