మా ఇంటికొచ్చిన మందిరం కప్పు

నా చిన్నప్పుడు, చిల్లకల్లు దగ్గర మా పేటలో మందిరానికి మట్టిగోడలు, తాటాకు కప్పు ఉండేవి. వెనక తడిక అడ్డం పెట్టుకుని పాస్టరయ్యగారూ, ఆయన భార్యా అందులోనే కాపురం. ఒక ఏడు వేసవిలో ఆ కప్పు కొత్తగా వేశారు.

ఆ ఏడే, తొలకరికి ముందు మా ఇల్లు కాలిపోయింది. పొయ్యిలోంచి నిప్పురవ్వ ఎగిరింది, అంతే. గోడలు మిగిలాయి. అమ్మ పచ్చి బాలింత. తమ్ముడిని కొంగులో దాచుకుని గోడవారన కూర్చుంది. సాయంత్రానికి మబ్బు కమ్ముకొచ్చింది. కప్పుకి కొత్త తాటాకు కొట్టినా అది ఆరి అణగడానికి రోజులు పడుతుంది.

అయ్యగారు వాళ్లను మందిరంలోకి తీసుకురమ్మన్నారు. మా నాయనమ్మ ఒప్పుకోలేదు. పురిటి మనిషి నెల తిరక్కుండా మందిరం గడప తొక్కకూడదంది. పక్కిళ్లకూ పంపనంది, మైలట. క్రీస్తును నమ్ముకున్నా ఆ పట్టింపు మాత్రం మావాళ్లు వదల్లేదు.

అయ్యగారు కాసేపు తల గోక్కున్నారు. "ఆమె మందిరానికి రాకపోతే మందిరమే ఆమె దగ్గరికి వస్తది. నిచ్చెన తేండయ్యా."

సంఘపెద్ద అడ్డుపడ్డాడు. "దేవుడి ఇల్లు ఇప్పుతారా అయ్యగారూ? ఆయన తడవడూ?"

"ఆయనకి జలుబు చెయ్యదులే. ఆ పసిగుడ్డుకి చేస్తది."

"మరి మీరెక్కడ పడుకుంటారు?"

"మీ గేదె పక్కన చోటుంది కదా."

అందరూ నవ్వారు. అయ్యగారి భార్య మాత్రం అప్పటికే తన గిన్నెలు, చాప బయట పెట్టేసింది. నిచ్చెన మొదట ఎక్కింది ఆ సంఘపెద్దే. వాసాలు, ఆకు చేతులు మారుతూ సందు పొడుగునా మా ఇంటికొచ్చింది. నేనూ మోశాను. చివరి కట్టు బిగిస్తుంటే చినుకు మొదలైంది. లోపల నేల మీద చుక్క పడలేదు. అమ్మ తమ్ముడిని పడుకోబెట్టి, గట్టిగా ఊపిరి వదిలింది.

ఆదివారం కప్పులేని గోడల మధ్యే ఆరాధన జరిగింది. వానలో గోనెసంచులు కప్పుకుని పాడారు. ఒక్కరూ మానలేదు. ఆ పాట అమ్మ ఇంట్లోంచే వింది.

నా పిల్లల పెళ్లిళ్లయ్యాక అక్షరాలు నేర్చుకుని, బైబిలు కూడబలుక్కుంటూ చదివాను. త్యాగం మీద ప్రసంగాలూ చాలా విన్నాను. సగం నిద్ర తెప్పించేవే. నాకు పట్టుబడిందల్లా ఒక్కటే. వాన మొదలైతే గొడుగు తీసుకుని బయల్దేరతాను, పేటలో ఎవరిల్లు కారుతోందో చూడ్డానికి. ఈ వయసులో జారిపడతావని కోడలు తిడుతుంది. తిట్టనీ.